పేనుబంకకు సింహస్వప్నం

ఒక జాతి దేనికి పేరు పెట్టుకొన్నదో, దేనికి పెట్టుకోలేదో గమనిస్తే ఆ జాతి చూపు ఎక్కడ నిలిచినదో తెలుస్తుంది. మన రైతుల నోట పురుగుల పేర్లకు కొదువ లేదు. పేనుబంక, పచ్చదోమ, తెల్లదోమ, సుడిదోమ, తామరపురుగు, పిండినల్లి, ఎర్రనల్లి, లద్దెపురుగు, శనగపచ్చ పురుగు, కాండం తొలిచే పురుగు - చెప్పుకొంటూ పోతే అదొక దండకమే అవుతుంది. ఇవన్నీ శత్రువుల పేర్లు. చేనికి మేలు చేసే పురుగుల పేర్లు చెప్పమంటే మాత్రం నాలుక తడబడుతుంది. పల్లెలనుంచి చదువుకు వచ్చిన విద్యార్థులను తరగతిలో నేను అప్పుడప్పుడు ఈ ప్రశ్న అడుగుతుంటాను. తేనెటీగ అంటారు. తూనీగ అంటారు. సేద్యంలో చేయి పెట్టినవారైతే అక్షింతల పురుగు అంటారు. అక్కడితో సరి. నష్టపెట్టినవాని పేరు ఊరంతా నానుతుంది; కాపాడినవాడు అనామకుడుగానే మిగిలిపోతాడు. ఇది మనుష్యుల విషయంలోనే అనుకొంటాము గాని, పురుగుల విషయంలోనూ మన నడత ఇదే.

ఆ అనామక రక్షకులలో ఒకదానిని పాఠకులకు పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

నల్లగొండనుంచి మిర్యాలగూడకు పోయే దారిలో, నార్కట్‌పల్లి - అద్దంకి రహదారిమీద మాడుగులపల్లి ఉన్నది. 2016లో మండల కేంద్రమైన ఊరు. ఈ ప్రాంతంలో రెండు తీరుల సేద్యం ఒకదానికొకటి ఎదురుపడుతుంది. 1967లో నాగార్జునసాగరం నీరు కాలువలకు వదలిన పిమ్మట ఎడమకాలువ నీరందిన పల్లపు నేలలు వరిమళ్లయినవి. నీరెక్కని చెలకలలో పత్తి, కంది మిగిలినవి. బావులకింద, బోర్లకింద బత్తాయి తోటలు లేచినవి. గట్లమీద వేప, తుమ్మ, కానుగ చెట్లున్నవి. వరి పొలాన్ని పక్కన ఉంచి, పత్తిచేనినీ బత్తాయి తోటనూ చూచినవారికి మనం చెప్పుకోబోయే పురుగు ఎప్పుడో ఒకప్పుడు కనిపించియే ఉంటుంది. చూచి ఉంటారు గాని గుర్తించి ఉండరు.

పొద్దు గుంకిన తరువాత దీపం చుట్టూ ముసిరే పురుగులలో లేత ఆకుపచ్చని సన్నని పురుగొకటి వచ్చి గోడకు వాలుతుంది. పొడవు అర అంగుళానికి మించదు. దేహంకంటె రెక్కలే పొడుగు. ఆ రెక్కలు గాజు పొరవలె అవతలిది కనిపించేటంత పలుచన. వానినిండా పచ్చని ఈనెలు వలవలె అల్లుకొని ఉంటవి. వాలినప్పుడు రెక్కలను ఇంటికప్పువలె రెండువైపులా వాల్చుకొంటుంది. కొంచెం దగ్గరగా చూస్తే కళ్లు కరిగిన బంగారంవలె మెరుస్తుంటవి. పట్టుకొందామని పోతే బద్ధకంగా, ఊగుతూ ఎగురుతుంది. ఇంత నాజూకు ప్రాణి వేటకుటుంబంలో పుట్టినదంటే నమ్మడం కష్టం.

మన వ్యవసాయ శాస్త్రజ్ఞులు దీనికి అల్లిక రెక్కల పురుగు అని పేరు పెట్టినారు. రెక్కలను లేసుతో పోల్చిన ఆంగ్ల నామానికి ఇది తెలుగు. నరసాపురం లేసు అల్లికలను ఎరిగిన మనకు ఈ మాట పరాయిది కాదు, చక్కని పేరే. కాని ఇది పుస్తకంలో పుట్టిన పేరు. పల్లెలో పుట్టలేదు, ఇంకా పల్లెకు పూర్తిగా చేరనూ లేదు. శాస్త్ర నామాల విషయం చూస్తే భాషాధ్యాపకునికి ముచ్చట గొలిపే సంగతి ఒకటున్నది. 1815లో ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు లీచ్ ఈ వర్గానికి క్రైసోపా అని గ్రీకు మాటలతో పేరు పెట్టినాడు. క్రైసోస్ అనగా బంగారం. ఓప్స్ అనగా కన్ను. సంస్కృతంలోనికి మార్చితే అక్షరాలా హిరణ్యాక్షి! పురాణాల హిరణ్యాక్షుడు భూమిని చాపవలె చుట్టి ఎత్తుకొనిపోయినాడు. ఈ హిరణ్యాక్షి ఆ భూమిమీది పైరుకు కావలి కాస్తున్నది. మన దేశపు చేలలో విరివిగా కనిపించే జాతిని చాలకాలం క్రైసోపెర్లా కార్నియా అన్నారు. ఒకే జాతి అనుకొన్నది నిజానికి అనేక జాతుల గుంపు అని తరువాత తేలినది. మన దానిని ఇప్పుడు క్రైసోపెర్లా జాస్ట్రోవీ సిల్లెమీ అంటున్నారు. పేరు తెలియకపోవడం రైతుకే కాదు, పండితులకూ తప్పలేదన్నమాట.

ఈ పురుగు కథ గుడ్డునుంచే వింత. ఆడపురుగు ఆకుకు పొట్ట కొన ఆనించి జిగురు చుక్క ఒకటి వదలుతుంది. పొట్టను మెల్లగా పైకెత్తుతుంది. జిగురు సాగి వెంట్రుకవంటి పోగవుతుంది. గాలి తగిలి క్షణాలలో గట్టిపడుతుంది. ఆ పోగు కొనమీద గుడ్డు పెడుతుంది. కొన్ని మిల్లీమీటర్ల ఎత్తున, తెల్లని తంతువు తలమీద గింజవలె నిలిచిన ఆ గుడ్డును చూస్తే పురుగు గుడ్డని ఎవరూ అనుకోరు. బూజు అనుకొంటారు; తెగులు అనుకొంటారు. ఈ కట్టుబాటు ఎందుకంటే, ఆకుమీద తిరిగే చీమలకు గుడ్డు అందకుండా ఉండవలె. అంతకన్న ముఖ్యం, ముందుగా పొదిగిన తోబుట్టువు మిగిలిన గుడ్లను తినకుండా ఉండవలె. ఈ ఇంట అన్నదమ్ముల వైరం పుట్టుకతోనే ఉన్నది.

ఈ గుడ్లనుగురించి తూర్పు దేశాలలో ఒక గొప్ప భ్రమ ప్రచారంలో ఉన్నది. ఉదుంబర పుష్పం మూడువేల ఏండ్లకు ఒకసారి మాత్రమే పూస్తుందని బౌద్ధుల నమ్మకం. కొరియాలో, చైనాలో కొన్నిచోట్ల బుద్ధ విగ్రహాలమీద తెల్లని సన్నని కాడలపై మొగ్గలవంటివి కనిపించగా ఉదుంబరం పూసినదని జనం తీర్థానికి కదలినట్లు కదలినారు. 2010లో చైనాలోని లూషాన్ పర్వత ప్రాంతంలో ఒక భిక్షుణి ఇంట బట్టలుతికే యంత్రం కింద ఇట్టి పూలు పూసినవని పత్రికలు వ్రాసినవి. కీటక శాస్త్రజ్ఞులు చూచి ఇట్టివి అల్లిక రెక్కల పురుగు గుడ్లని చెప్పినారు. ఉదుంబరమంటే మన మేడిచెట్టే. దాని పూలు కాయ లోపలే దాగి ఉంటవి గనుక మేడి పువ్వును చూచినవారు లేరు. నాగార్జునకొండ, ఫణిగిరి వంటి బౌద్ధ క్షేత్రాలు వెలసిన ఈ సీమలో ఆ మేడి ఇప్పటికీ వాగుల ఒడ్డున నిలిచి ఉన్నది. అక్కడ గుడ్డును పువ్వని మొక్కినారు; ఇక్కడ అదే గుడ్డును తెగులని మందు కొడుతున్నాము. రెండూ ఎరుగమివల్ల వచ్చినవే. వారి ఎరుగమివల్ల గుడ్డుకు హాని లేదు.

మూడు నాలుగు రోజులలో గుడ్డు పొదుగుతుంది. అందులోనుంచి దిగి వచ్చే డింభకానికి, అనగా పిల్లపురుగుకు, తల్లి పోలిక ఒక్కటీ లేదు. నడుమ లావై రెండు కొనలూ సన్నగిలి, గోధుమవన్నె మచ్చలతో, చిన్న మొసలివలె ఉంటుంది. తలముందు రెండు కొడవళ్లవంటి దవడలుంటవి. పద్దెనిమిదవ శతాబ్దిలోనే ఫ్రెంచి ప్రకృతి పరిశోధకుడు రేయొమ్యూర్ దీనిని పేనుబంక పాలిటి సింహమన్నాడు. ఆ పేరే ఐరోపా భాషలలో నిలిచిపోయినది. మన పలుకుబడిలో చెప్పవలెనంటే ఇది పేనుబంకకు సింహస్వప్నం.

దీని వేట తీరు చూడదగినది. చూపు అంతంతమాత్రమే. తలను కుడి ఎడమలకు ఊపుతూ ఆకు అడుగున, ఈనెల వెంట, లేత చిగుళ్లలో వెదకుతూ పోతుంది. ఎర తగిలినదా, కొడవళ్లు రెండూ ఒక్కసారి దిగుతవి. దవడల అడుగున గాడి ఉన్నది. దానిని మరొక అవయవం కప్పడంవల్ల ఒక్కొక్క దవడ ఒక్కొక్క గొట్టమవుతుంది. ఆ గొట్టంగుండా జీర్ణరసాన్ని ఎరలోనికి పంపుతుంది. లోపలి మాంసం ద్రవమై పోగానే అదే గొట్టంగుండా పీల్చివేస్తుంది. కాసేపటికి పేనుబంక పురుగు ఉత్త తొక్క అయి రాలిపోతుంది. ఎర ఎదురు తిరగకుండా ఒక్కొక్కప్పుడు దానిని ఆకునుంచి పైకెత్తి పట్టుకొని మరీ తాగుతుంది. ఒక్క పేనుబంకే కాదు; తెల్లదోమ, పచ్చదోమ, తామరపురుగు, పిండినల్లి, ఎర్రనల్లి, కాయ తొలిచే పురుగుల గుడ్లు, అప్పుడే పొదిగిన వాని పిల్లలు - దవడకు అందినదెల్ల ఆహారమే. ఇట్లు ఎనిమిది పది రోజులు తిని, రెండుసార్లు కుబుసం విడిచి, వందలకొద్దీ పురుగులను పొట్టన పెట్టుకొంటుంది. వింత ఏమంటే, ఈ పిల్లపురుగు జీర్ణమార్గానికి వెనుకవైపు దారి మూసుకొని ఉంటుంది. తిన్నదానిలో మిగిలిన మలినమంతా రెక్కలు వచ్చేదాకా లోపలే దాచుకొంటుంది.

ఈ వర్గంలో కొన్ని జాతులు వేషం వేయడంలోనూ దిట్టలు. తాను పీల్చి పారవేసిన తొక్కలను, మైనపు పొట్టును, చెత్తను వీపుమీది వెంట్రుకలకు తగిలించుకొని కదిలే చెత్తకుప్పవలె తిరుగుతవి. పేనుబంక విసర్జించే తీపి ద్రవంకోసం చీమలు వానిని పశువులవలె కాస్తుంటవి. వేటపురుగు కనిపిస్తే తరిమికొడుతవి. ఆ కాపరుల కన్ను కప్పడానికే ఈ వేషం. 1978లో అమెరికా శాస్త్రజ్ఞుడు టామస్ ఐస్నరూ ఆయన సహచరులూ దీనిని ప్రయోగపూర్వకంగా నిరూపించినారు. తెల్లని నూగు కప్పుకొన్న పేనుబంకను తినే ఒక జాతి, ఆ నూగునే తానూ కప్పుకొని మందలో కలసిపోతుంది. నూగు తీసివేస్తే చీమలు దానిని పట్టి గెంటివేసినవి. మన మేకవన్నె పులి సామెతకు ఇంతకన్న ఉదాహరణ దొరకదు. ఈ విద్య ఈనాటిదీ కాదు. స్పెయిను దేశంలో సుమారు 11 కోట్ల ఏండ్లనాటి శిలాజపు జిగురులో వీపున చెత్త మోస్తున్న ఇట్టి పిల్లపురుగు దొరికినదని 2012లో ప్రకటించినారు.

తినవలసినది తిన్న పిమ్మట పిల్లపురుగు ఆకు మడతలో, బెరడు సందులో చేరి తెల్లని గుండ్రని పట్టుగూడు అల్లుకొంటుంది. పట్టుపురుగు నోటితో అల్లితే ఇది తోకకొనతో అల్లుతుంది. కొన్ని రోజులకు గూటికి మూత కోసుకొని వెలుపలికి వచ్చి రెక్కలు విప్పుకొంటుంది. అప్పటినుంచి ఈ క్రైసోపెర్లా శాకాహారి. పూదేనె, పుప్పొడి, పేనుబంక వదలిన తీపి బంక - ఇవే దాని భోజనం. ఇక్కడ మన రైతు పెట్టిన పేరు ఎంత సార్థకమో చూడండి. పేనువంటి పురుగు, బంకవంటి విసర్జనం: రెండూ కలిపి పేనుబంక. ఆ బంక పడిన ఆకుకు మసి పట్టి పైరు చెడుతుంది. ఆ బంకే తల్లిపురుగును ఆ చోటికి రప్పిస్తుంది. బంక తాగి, అక్కడే గుడ్లు పెట్టి, పిల్లలకు ఎర దగ్గరనే చోటు చూపి పోతుంది. కాలిఫోర్నియాలో హేగన్ అనే శాస్త్రజ్ఞుడు 1970 ప్రాంతంలో చక్కెర, ఈస్టు కలిపిన ద్రావణాన్ని పైరుమీద చల్లి ఈ పురుగులను చేనికి పిలిపించినాడు. పేరంటానికి పసుపు కుంకుమలు పంపినట్లు!

రెక్కల పురుగు పగలంతా ఆకుల నీడన ఉండి సంధ్యవేళ బయలుదేరుతుంది. రాత్రివేళ గబ్బిలం దీనికి మృత్యువు. గబ్బిలం వదలే, మన చెవికందని కూతను వినడానికి దీని ముందురెక్కల మొదట ఈనెలోనే చెవి అమరి ఉన్నది. కూత వినబడగానే రెక్కలు ముడిచి రాయివలె కిందికి జారిపోతుంది. పెండ్లిపిలుపు కూడ విచిత్రమే. ఆడ మగ పురుగులు పొట్టను వణికించి, తాము నిలిచిన ఆకునే కంపింపజేసి, ఆ కంపనాలతో ఒకదానినొకటి పలకరించుకొంటవి. పైకి ఒక్కతీరుగా కనిపించిన జాతులను శాస్త్రజ్ఞులు వేరుచేయగలిగినది ఈ నిశ్శబ్ద గీతాల వలననే.

కావున దీనికి ఇల్లంటే ఒక్క చెట్టు కాదు. పిల్లకు ఎర కావలె, తల్లికి తేనె కావలె, ఇద్దరికీ నీడ కావలె. పత్తి ఆకు అడుగున ఈనెమీద తేనెగ్రంథులున్నవి. పూత లేని నాడు కూడ అవి తల్లిపురుగును పోషిస్తవి. చేని చుట్టూ వేసిన జొన్న, మొక్కజొన్న, నడుమ వేసిన బొబ్బర్లు దానికి విడిదిళ్లు. గట్టుమీది చెట్లు మందు కొట్టిన నాడు తలదాచుకొనే చోట్లు. బత్తాయి, నిమ్మ తోటలలో దీని బంధువైన మల్లాడా అనే మరొక అల్లిక రెక్కల పురుగు తిరుగుతుంది. వరిమడిలో మాత్రం దీని పాత్ర స్వల్పం. అక్కడి కావలి సాలీళ్లది, తూనీగలది, సుడిదోమ గుడ్లను పీల్చే మిరిడ్ నల్లులది. చెట్లు నరికి, గట్లు చెక్కి, కనుచూపుమేర ఒక్క పైరే వేసిన చోట ఈ పురుగుకు నిలువ నీడ ఉండదు.

దీని బంధువర్గం చాల పెద్దది. ఇంటి చూరుకింద మెత్తని మన్నులో గరాటువంటి గుంట చేసుకొని, అడుగున పొంచి ఉండి, జారిపడిన చీమను పట్టే పురుగును పల్లెలో ఎరుగని బాలుడు లేడు. అది ఈ వంశానిదే. దాని దవడలూ ఇట్టి గొట్టాలే. ఈ వంశంలో సాలీడు గుడ్లసంచిలో దూరి తినేవి కొన్ని. మంచినీటి అడుగున స్పంజికలను పీల్చేవి కొన్ని. అమెరికాలోని ఒక జాతి చెదపుట్టలో చేరి, తోకనుంచి వదలిన ఆవిరితోనే చెదలను మూర్ఛపుచ్చి తింటుంది.

ఇక మన చేనికి వద్దాం. పేనుబంక ఆడపురుగు మగతోడు లేకుండానే పిల్లలను కంటుంది. పుట్టిన పిల్ల కడుపులో మరుసటి తరం అప్పటికే మొలకెత్తి ఉంటుంది. వారం పది రోజులలో ఆ పిల్ల తల్లి అవుతుంది. అల్లిక రెక్కల పురుగుకు గుడ్డునుంచి రెక్కల దాకా సుమారు మూడు వారాలు పట్టుతుంది. చేనిలో తీవ్రమైన మందు కొట్టినారనుకొందాం. రెండూ చచ్చినవి. మిగిలిన పేనుబంక వారంలో తిరిగి లేస్తుంది. దానిని తినేది లేవడానికి మూడు వారాలు. ఆ లోపల చేను ఎవరి వశమవుతుందో లెక్క చెప్పనక్కరలేదు. రైతు మళ్లీ మందు కొడతాడు. మళ్లీ కావలివాడే చస్తాడు. అప్పు పెరుగుతుంది. ఈ సత్యాన్ని 1926లో ఇటలీ గణితవేత్త వోల్టెర్రా ఆడ్రియాటిక్ సముద్రపు చేపల లెక్కలనుంచి తేల్చినాడు: వేటాడేదానినీ, వేటకు గురయ్యేదానినీ ఒక్కతీరుగా చంపే ఏ శక్తి అయినా చివరకు వేటకు గురయ్యేదానికే మేలు చేస్తుంది. కాలిఫోర్నియా నారింజ తోటలు దీనికి సాక్ష్యం. 1888-89లో ఆస్ట్రేలియానుంచి తెచ్చిన ఒక అక్షింతల పురుగు అక్కడి పిండినల్లి జాతిని అణచివేసి తోటలను నిలిపినది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం డీడీటీ కొట్టగా రక్షకురాలు చచ్చి, అణగిన పురుగు మళ్లీ విజృంభించినది.

మనకు అంతదూరం పోనక్కరలేదు. 1997-98లో వరంగల్లు సీమ పత్తిరైతులు మందుమీద మందు కొట్టి, పురుగు చావక, అప్పు తీరక, ఎందరో ప్రాణాలు తీసుకొన్న సంగతి తెలుగువారు మరువరానిది. అందుకు వర్షాలు, ధరలు, అప్పుల తీరు, నకిలీ మందులు అన్నీ కారణాలే. అయినా చేనిలోని ఉచిత సైన్యాన్ని చేతులారా చంపుకోవడం అందులో లేదనలేము. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చినది. అది కాయ తొలిచే పురుగును ఉద్దేశించినదే గాని రసం పీల్చే పురుగులకు అడ్డు కాదు. పేనుబంక, పచ్చదోమ, తెల్లదోమల పని ఎప్పటివలెనే మిగిలినది. అనగా అల్లిక రెక్కల పురుగు పనీ మిగిలియే ఉన్నది. 2000 తరువాతి తొలి ఏండ్లలో నాటి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామస్థులు రసాయన మందులు మాని, వేపగింజల కషాయంవంటి వానితో పత్తి పండించి చూపినారు. ఊరంతా ఒక్కమాటమీద నిలవడం అక్కడి గొప్పతనం. ఒక్క చేనిలో మందు మానితే పక్క చేనినుంచి మృత్యువు వస్తూనే ఉంటుంది గదా.

ఈ పురుగును సర్వరోగ నివారిణి అని చెప్పడం నా ఉద్దేశం కాదు. కాయ లోపలికి దూరిన గులాబీరంగు పురుగును ఇది ఏమీ చేయలేదు. ఆకలి వేస్తే మిత్రుల గుడ్లనూ, సొంత తోబుట్టువులనూ తింటుంది. అందుచేతనే ప్రయోగశాలలో పెంచేటప్పుడు ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క గది ఏర్పరచి, నిలవ ధాన్యంలో గూళ్లు అల్లే కార్సిరా అనే రెక్కల పురుగు గుడ్లను మేతగా పెడతారు. హైదరాబాదు రాజేంద్రనగరంలోని జాతీయ వృక్ష ఆరోగ్య యాజమాన్య సంస్థ ఇట్టి మిత్రపురుగుల పెంపకంలో శిక్షణ ఇస్తున్నది. బెంగుళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ పరిశోధన సాగిస్తున్నది. ఇవన్నీ మంచివే. కాని పెంచి తెచ్చి వదలినదానికన్న ముందు, చేనిలో ఉన్నదానిని చంపకుండడం తేలిక. పైగా ఖర్చు లేనిది. అందుకు కావలసినది ఒక్కటే: గుర్తుపట్టడం.

మందు పంపు భుజానికెత్తుకొనే ముందు పత్తి ఆకులు కొన్ని తిరగవేసి చూడవలె. వెంట్రుకమీద నిలిచిన గుడ్లు, మొసలివంటి పిల్లలు, ఉత్త తొక్కలైన పేనుబంక కనిపిస్తే నాలుగు రోజులు ఓపిక పట్టి మళ్లీ చూడవలె. అప్పటికీ పురుగు పెరుగుతుంటే వేపగింజల కషాయం ఉన్నది. ఈ మిత్రునికి దాని బాధ తక్కువ. తీవ్రమైన మందు కడపటి మాట కావలె గాని మొదటి మాట కాకూడదు. ఇది రైతుకు చెప్పవలసిన మాట. మనవంటి చదువుకొన్నవారికి చెప్పవలసినది మరొకటి ఉన్నది. పాఠ్యపుస్తకాలలో శత్రువుల పేర్లతోపాటు ఈ మిత్రుల పేర్లూ, బొమ్మలూ చేరవలె. పల్లె బడిలో పిల్లలను చేనికి తీసుకొనిపోయి ఆకు తిప్పి చూపవలె. అల్లిక రెక్కల పురుగు అన్న పేరు నోటికి బరువైతే మరొక పేరు పల్లెయే పెట్టుకొంటుంది. అందమైన ఎర్రని చిన్న ప్రాణికి తొలకరి కార్తె పేరు పెట్టి ఆరుద్ర అని పిలుచుకొన్న జాతికి, చుక్కల పురుగును అక్షింతలతో పోల్చుకొన్న జాతికి, పేరు పెట్టడం ఒకరు నేర్పవలెనా? చూపు అటు తిప్పితే చాలును. పేరు గలదానిని చంపడానికి చేయి కొంచెం వెనుకాడుతుంది. ఆ కొంచెం వెనుకాటే ఈ పచ్చని పురుగుకు ప్రాణం, పత్తిచేనికి కావలి.